పడసాల దాటని వైఫై: మార్చవలసింది ప్లానా, పెట్టె చోటా?

సాయంత్రం ఏడు దాటిన తరువాత బేతంచెర్ల, బనగానపల్లె వైపు గ్రామాలకు వెళ్లిన వారికి ఒక దృశ్యం తరచు కనిపిస్తుంది. తలవాకిలి పక్క అరుగు మీద ఒక ఆడపిల్ల దోమలు తోలుకుంటూ ఫోను పట్టుకొని కూర్చొని వుంటుంది. కబుర్లకోసం కూర్చోలేదు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం పాఠం వింటున్నది. చెవులలో తీగలు పెట్టుకున్నా వీధిన పోయే ట్రాక్టరు చప్పుడు తప్పదు. ఇంట్లో చదువుకోవడానికి గది లేదా అంటే వున్నది. బల్ల వుంది, ఫ్యాను వుంది, తలుపు వేసుకుంటే నిశ్శబ్దం కూడా వుంది. ఆ గదిలోకి నెట్ మాత్రం రాదు.

నెట్ వున్నది పడసాలలో. టీవీ వెనుక మేకుకు వేలాడుతున్న తెల్లపెట్టెలో. అక్కడ మంచం మీద పెద్దాయన వార్తలు చూస్తుంటాడు. పక్కన కుర్రవాడు క్రికెట్ చూస్తుంటాడు. వంటింటిలో తల్లికి, నడిమింట్లో కోడలికి, వెనుక గదిలో చదువుకునే పిల్లకు ఆ పెట్టెతో పని లేనట్టే. నెలనెలా కట్టే డబ్బు మాత్రం ఇంటి అందరి కష్టంలోనుంచి పోతున్నది. ఒక ఇంటిలో నెట్ ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు, పెట్టె ఎవరి దగ్గర వున్నదో వారిది అన్నట్టుగా తయారయింది. ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చును గాని, పరీక్షలు దగ్గర పడిన ఇంట చిన్నది కాదు.

ఈ పరిస్థితికి గ్రామస్థులు సాధారణంగా చెప్పే కారణం "లైను బాగాలేదు" అని. ఆపరేటరు చెప్పే మందు "పెద్ద ప్లాను వేయించుకోండి" అని. రెండూ చాలా ఇళ్లలో పొరపాటే.

లైను వచ్చింది, ఇంట్లోకి రాలేదు

రాష్ట్ర ప్రభుత్వం కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు తీగ లాగించి, 2017 డిసెంబరు 27వ తేదీన అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఫైబర్‌నెట్ పథకాన్ని ప్రారంభింపజేసిన సంగతి పాఠకులకు గుర్తుండే వుంటుంది. నెలకు రూ.149కే టీవీ చానళ్లు, టెలిఫోను, 15 ఎంబీపీఎస్ వేగంతో నెట్ అని ఆనాడు చెప్పారు. తరువాత ప్రైవేటు కంపెనీలు కూడా పల్లెల దారి పట్టాయి. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు, బెంగళూరు, హైదరాబాదులలో ఉద్యోగాలు చేసే పిల్లలు ఊళ్లకు వచ్చి పడినప్పుడు, అంతవరకు వద్దనుకున్న ఇళ్లు కూడా లైను వేయించుకున్నాయి.

ఆ హడావుడిలో లైను వేసిన కుర్రవాళ్లు చేసిన పని ఒకటే. స్తంభం నుంచి తీగ ఇంటి ముందు గోడ దాకా వస్తుంది. తలుపు పక్క ఒక బెజ్జం వేస్తారు. లోపలికి రాగానే మొదటి మేకుకు పెట్టె తగిలిస్తారు. నాలుగు గజాల తీగ ఆదా, పావుగంట ఆదా. ఫోనులో ఒక వీడియో ఆడించి చూపి సంతకం తీసుకొని పోతారు. వెనుక గదికి వెళ్లి చూశారా అని అడిగిన యజమాని లేడు, చూపించిన ఆపరేటరు లేడు. కొన్ని ఇళ్లలో ఆ పెట్టె ఇనుప బీరువా నెత్తిన వుంటుంది. మరికొన్నింట అటక మీద పాత ఇత్తడి బిందెల మధ్య వుంటుంది. పెట్టె దుమ్ము పట్టకుండా పైన బట్ట కప్పి, దాని మీద పసుపు కుంకుమ పెట్టిన ఇళ్లు కూడా లేకపోలేదు. భక్తికి తప్పు పట్టనక్కరలేదు గాని, పెట్టె వేడెక్కుతుంది. బట్ట తీసివేయడం మంచిది.

గోడ ఏం చేస్తుంది?

వైఫై అంటే రేడియో తరంగమే. ఒకప్పటి రచ్చబండ రేడియోకు దూరాన వున్న స్టేషను పలికేది, ఇప్పటి ఈ పెట్టె పక్క గదికి కూడా పలకదేమని పెద్దవాళ్లు ఆశ్చర్యపోతారు. రేడియో స్టేషను బలం కిలోవాట్లలో వుండేది. ఈ పెట్టె గాలిలోకి వదిలే బలం సుమారు ఒక వాటులో పదవ వంతు. పైగా ఆ రేడియో అలలు వందల మీటర్ల పొడవు, కాబట్టి కొండలను, గోడలను ఖాతరు చేయవు. వైఫైలో రెండు రకాల అలలు వున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ అనేదాని అల పొడవు దాదాపు జానెడులో సగం, 12 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ అనేదాని అల అందులో సగం. పొట్టి అల వేగంగా మోస్తుంది గాని గోడ దగ్గర త్వరగా చతికిలబడుతుంది. 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం లైసెన్సు లేకుండా వాడుకునే 5 గిగాహెర్ట్జ్ జాగాను బాగా పెంచింది. అది మంచిదే. అయితే నగరాలలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడల ఇళ్లకు పనికివచ్చినంతగా అది మన మిద్దెలకు పనికి రాదు.

మన మిద్దె సంగతి వేరు. రాతి గోడ మందం రెండడుగులు. మధ్య మట్టి మెత్తి వుంటుంది. పైన దూలాలు, దంతెలు, వాటి మీద చవుడు మన్ను. ఎండకు చల్లగా, చలికి వెచ్చగా వుండే ఆ గోడే ఈ తరంగాన్ని దాదాపుగా మింగివేస్తుంది. ఒక గోడ దాటితే మిగిలేది కొద్ది, రెండవ గోడ దాటితే ఏమీ వుండదు. వాన కురిసి గోడ తడిస్తే ఇంకా అన్యాయం, ఎందుకంటే నీరు ఈ తరంగాన్ని పీల్చుకుంటుంది. కొత్తగా కట్టిన స్లాబు ఇళ్లలో గోడలు పలుచన గాని, స్లాబులో ఇనుప చువ్వల వల వుంటుంది. కింద పెట్టె, పైన మేడ గది అన్నచోట అదే అడ్డు. ఇనుప బీరువా, రేకుల పందిరి, నిలువుటద్దం, నీళ్ల తొట్టి, ధాన్యపు బస్తాల దొంతర, ఇవన్నీ దారిలో వున్నంతకాలం పెట్టెకు ఎన్ని కొమ్ములు వున్నా లాభం లేదు. కొమ్ములు ఎక్కువ వున్న పెట్టె తెప్పించిన ఒక రైతు, ఎద్దుకు కొమ్ములు పెరిగితే బలం పెరుగుతుందా అని తనను తానే ఎగతాళి చేసుకున్నాడు.

ఇదే గోడ మొబైలు టవరు సిగ్నలును కూడా ఆపుతుంది. వెనుక గదిలో ఫోను మోగదు. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో కొడుకు ఫోను చేస్తే ముసలి తల్లి చేయి గోడకు ఆనించుకుంటూ వాకిట్లోకి రావలసి వస్తున్నది. 2019 డిసెంబరు, 2020 జనవరి నెలలలో రెండు పెద్ద మొబైలు కంపెనీలు వైఫై మీదుగా మామూలు ఫోను కాల్సు వచ్చే ఏర్పాటు మొదలు పెట్టాయి. ఫోనులో ఆ ఏర్పాటు వుండి, దానిని తెరచి పెట్టుకుంటే, టవరు అందని గదిలో కూడా ఫోను మోగుతుంది. ఆ గదిలో వైఫై వుంటేనే సుమా.

డబ్బు పెట్టక ముందు చేయవలసిన పరీక్ష

పెద్ద ప్లాను వేయించుకోవడానికి ముందు ప్రతి ఇంటివారు ఒక చిన్న పరీక్ష చేసుకోవడం అవసరం. ఫోనులో మొబైలు డేటా ఆపివేసి, పెట్టెకు రెండు గజాల దూరాన నిలబడి వేగం కొలిచే ఆప్‌తో చూడాలి. తరువాత వెనుక గదికి వెళ్లి తలుపు వేసి మళ్లీ చూడాలి. పెట్టె దగ్గర ప్లాను ప్రకారం వేగం వచ్చి వెనుక గదిలో రాకపోతే తప్పు గోడది. పెట్టె దగ్గరే రాకపోతే తప్పు లైనుది, లేదా పెట్టెది. అప్పుడు ఆపరేటరును నిలదీయాలి, ఫిర్యాదు నంబరు అడిగి రాయించుకోవాలి. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంటే తరచుగా అది ఫైబరు తెగిన సూచన. ఇంట్లో వాళ్లు పెట్టెను ఎన్నిసార్లు ఆర్పి వెలిగించినా ఫలితం వుండదు.

వీడియోలో పాఠం వినడానికి, ఆఫీసు మీటింగులో కూర్చోవడానికి కావలసిన వేగం ఎంత? మంచి బొమ్మతో అయినా మూడు నాలుగు ఎంబీపీఎస్ సరిపోతుంది. దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అని పిలవడానికి వుండవలసిన కనీస వేగాన్ని ప్రభుత్వం 2023 జనవరిలో 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. 30 ఎంబీపీఎస్ ప్లాను వున్న ఇంటిలో ఏడెనిమిది మంది ఏకకాలంలో పాఠాలు వినవచ్చు. అటువంటి ఇంటివారు వెనుక గదికి రావడం లేదని 100 ఎంబీపీఎస్‌కు మారితే, పడసాలలో నూరు వస్తుంది, వెనుక గదిలో సున్నా సున్నాగానే వుంటుంది. కాలువలో నీళ్లు పెంచితే తూము మూసిన మడికి చేరుతాయా? ఇంత మాత్రం ఏ రైతుకైనా తెలుసు. అయినా ఈ విషయంలో రైతులే మోసపోవడం శోచనీయం. ఏడాదికి అదనంగా కట్టే ఆ డబ్బుతో అసలు పని పూర్తి చేసుకొని ఇంకా మిగుల్చుకోవచ్చు.

పరీక్షలో తప్పు గోడదని తేలితే మొదట చేయవలసినది ఖర్చు లేని పని. పెట్టెను ఇంటి నడుమకు మార్పించాలి. ఫైబరు తీగ వెంట్రుక సన్నం గాజుపోగు. అందులో పోయేది కరెంటు కాదు, వెలుతురు. పది గజాలు పెంచినా దానికి లెక్క లేదు. అయితే దానిని మేకు చుట్టూ మడిచినా, తలుపు సందున నలిపినా వెలుతురు కారిపోతుంది, కాబట్టి ఆ పని ఆపరేటరు మనిషి చేతనే చేయించాలి. నడిమింటి తలుపు మీద ఎత్తున, గదులన్నింటి ద్వారాలు కనిపించే చోట పెట్టెను పెడితే, గోడల గుండా పోలేని తరంగం వాకిళ్ల గుండా పోతుంది. చిన్న ఇళ్లలో ఇంతటితోనే పని తీరిపోతున్నది. ఒక్క రూపాయి వస్తువు కొననక్కరలేదు.

దండోరా వాడికే వినపడకపోతే

పెద్ద ఇళ్లకు, మిద్దె మీద మేడ వున్న ఇళ్లకు ఇది చాలదు. అప్పుడు బజారుకు పోతారు. నంద్యాల, కర్నూలు షాపులలో గాని, ఫోనులో గాని ముందుగా చూపించేది గోడ ప్లగ్గుకు గుచ్చే రిపీటరు. సుమారు రూ.1,200 నుంచి రూ.2,000 లోపు దొరుకుతుంది. తీగ లేదు, బెజ్జం లేదు, గుచ్చితే చాలు అంటారు. గ్రామాలలో ఎక్కువ డబ్బు తగలబడుతున్నది ఇక్కడనే.

రిపీటరు చేసే పని దండోరా వేసేవాడి పని వంటిది. చావిడి దగ్గర చెప్పిన మాట విని, అవతలి వీధిలో మళ్లీ చెబుతాడు. చావిడి మాట వాడికే వినపడనంత దూరాన నిలబెడితే వాడు ఏం చెబుతాడు? కొన్నవారు అందరూ దానిని నెట్ రాని గదిలోనే గుచ్చుతున్నారు. ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తాయి, ఎందుకంటే అవి ఫోనుకూ రిపీటరుకూ మధ్య గీతలు. రిపీటరుకూ అసలు పెట్టెకూ మధ్య ఏమీ వుండదు. "గీతలు నిండా వున్నాయి, నెట్ కదలడం లేదు" అనే విచిత్రానికి కారణం ఇదే. దానిని సగం దారిలో, పెట్టె మాట ఇంకా బాగా వినబడే చోట పెట్టాలి.

అలా పెట్టినా ఇంకొక లోపం వున్నది. చౌక రిపీటరు ఒకే సమయంలో వినడం, చెప్పడం రెండూ చేయలేదు. వింటున్నంతసేపు నోరు మూస్తుంది, చెబుతున్నంతసేపు చెవి మూస్తుంది. అందుచేత వేగం సగానికి పడిపోతుంది. పాఠం వినడానికి ఆ సగం చాలవచ్చు. రెండు మూడు ఫోనులకు చాలదు. రెండడుగుల రాతి గోడ మధ్యలో వుంటే సగం దారి అనేదే దొరకదు.

మెష్ అనే జతపెట్టెలు ఇంతకంటె తెలివైనవి. ఇంటిలో తిరుగుతుంటే ఫోనును ఒక పెట్టె నుంచి మరొక దానికి అవే అప్పగిస్తాయి. ఖరీదు వేలలో వుంటుంది. వాటిని కూడా తీగ లేకుండా గోడకు అటొకటి ఇటొకటి పెడితే రాతి గోడ వాటికీ రాతి గోడే.

ఒక్క తీగ, రెండవ పెట్టె

మన ఇళ్లకు అసలైన మార్గం తీగ. మొదటి పెట్టె నుంచి వెనుక గదికి ఒక నెట్‌వర్కు కేబులు లాగి, ఆ చివర యాక్సెస్ పాయింటు అనే రెండవ పెట్టెను పెట్టడమే. గోడతో పేచీ పెట్టుకోకుండా దానిని దాటుకొని పోవడం ఇది. వెనుక గదిలో కొత్త దీపం వెలిగించినట్టు, అక్కడ నుంచి పూర్తి బలంతో వైఫై వస్తుంది. కేబులు వంద మీటర్ల వరకు ఏ లోటు లేకుండా పని చేస్తుంది. మన ఊళ్లలో అంత పొడవు ఇల్లు ఎవరికి వున్నది?

రాతి గోడకు బెజ్జం వేయడం కష్టమని వెనుకాడేవారు వున్నారు. మిద్దెలకు గవాచి వుంటుంది కదా. వెలుతురు కోసం, పొగ పోవడం కోసం పెద్దలు పెట్టిన ఆ గవాచి గుండా తీగను పైకి తీసి, మిద్దె మీదుగా పైపులో నడిపి, వంటింటి గవాచి గుండా దించవచ్చు. ఒక్క రాయి కదలదు. ఎండకు, వానకు చెడకుండా బయటి వాడకానికి చేసిన నల్ల తొడుగు కేబులే కొనాలి. కొనేటప్పుడు లోపలి పోగులు పూర్తి రాగివేనా అని అడగాలి. అల్యూమినియానికి రాగి పూత పూసిన రకం సగం ధరకు అంటగట్టే షాపులు వున్నాయి. అది త్వరగా విరుగుతుంది. కరెంటు తీగలున్న పైపులోనే దీనిని కూడా దూర్చడం ప్రమాదం. వేరే పైపు వేయాలి.

రెండవ పెట్టెకు కొత్తది కొననవసరం లేని ఇళ్లు కూడా చాలా వున్నాయి. కంపెనీ మారినప్పుడు మూలన పడవేసిన సొంత రూటరు వుంటే అదే పనికి వస్తుంది. చేయవలసినవి కొద్ది. మొదటి పెట్టె నుంచి వచ్చిన తీగను పాత రూటరులో నెట్ వచ్చే రంధ్రంలో కాక, పక్కనున్న ల్యాన్ రంధ్రాలలో ఒకదానికి తగిలించాలి. దాని అడ్రసు మొదటి పెట్టె అడ్రసుతో కలవకుండా మార్చాలి. ముఖ్యంగా, ఫోనులకు నంబర్లు కేటాయించే డీహెచ్‌సీపీ అనే పనిని దానిలో ఆపివేయాలి. ఆపకపోతే ఒకే నంబరు ఇద్దరికి ఇచ్చి, ఇల్లంతా గందరగోళం చేస్తుంది. 1984లో కరణీకాలు పోయాయి గాని, ఒకే ఊరికి ఇద్దరు కరణాలు వుండి ఒకే పొలాన్ని ఇద్దరికి రాసి ఇస్తే ఏమయ్యేదో పెద్దలు ఊహించగలరు. వైఫై పేరు, పాస్‌వర్డు రెండు పెట్టెలకూ ఒకటే పెడితే ఎక్కడికి పోయినా ఫోను తనంతట తాను కలుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 అనే చానళ్లు ఒకదానితో ఒకటి గొడవ పడవు. ఒక పెట్టెకు 1, రెండవ దానికి 6 లేదా 11 ఇస్తే సరి. ఈ పనులు ఊరిలో డిగ్రీ చదివే కుర్రవాడు ఎవడైనా ఒక గంటలో చేసి పెట్టగలడు. ఆడపిల్లలు అంతకంటె త్వరగా చేస్తున్నారని విన్నవారు చెబుతున్నారు.

ఒక్కొక్క ఫోను మాత్రం జిగురుపట్టి మొదటి పెట్టెనే పట్టుకొని వేలాడుతుంది. వైఫై ఒకసారి ఆపి తెరిస్తే దగ్గరి దానికి మారుతుంది.

కరెంటు సంగతి మరువరాదు. వెనుక గది ప్లగ్గుకు ఇన్వర్టరు లైను లేకపోతే కరెంటు పోయినప్పుడు రెండవ పెట్టె ఆరిపోతుంది, పరీక్ష ముందు రాత్రే పోతుంది. అదే నెట్ కేబులు గుండా కరెంటు కూడా పంపించే రకం యాక్సెస్ పాయింట్లు వున్నాయి. అవి అయితే పడసాలలో ఒక్క చోట ఇన్వర్టరు వుంటే చాలు.

పశువుల కొట్టానికి, కల్లం దగ్గర గదికి, వీధికి అవతల అన్నదమ్ముల ఇంటికి కూడా ఇదే కేబులును గాలిలో లాగుతున్నారు. ఇది ప్రమాదం. పిడుగు దగ్గరలో పడితే రాగి తీగ ఆ దెబ్బను రెండు ఇళ్లలోకీ మోసుకొని వస్తుంది. పెట్టెలు మాడిపోవడం ఒక్కటే నష్టం అయితే అదృష్టమే. ఆరుబయట దాటవలసిన చోట ఫైబరు తీగ వేసి, రెండు చివరలా మార్చే చిన్న పెట్టెలు పెట్టుకోవాలి. గాజులో పిడుగు ప్రయాణించదు. అయితే ఆ ఫైబరుకు బలం కోసం ఇనుప పోగు వున్న రకం కాకుండా చూసుకోవాలి.

పెద్దల అభ్యంతరం

ఇంత చెప్పినా కొందరు ఇంటి పెద్దలు ఒప్పుకోరు. ఖర్చు వారి అసలు కారణం కాదు. నెట్ పడసాలలో వుంటేనే పిల్లలు ఏం చూస్తున్నారో తెలుస్తుంది, గదిలోకి వెళితే చెడిపోతారు, ముఖ్యంగా ఆడపిల్లలు అంటారు. ఈ మాటను తీసిపారవేయడం న్యాయం కాదు. ఫోనులో వచ్చే చెత్త సామాన్యమైనది కాదు. ఆన్‌లైను ఆటలలో, అప్పు ఇచ్చే ఆప్‌లలో పడి నష్టపోయిన కుటుంబాల గురించి వింటూనే వున్నాము.

కాని ఆ పెద్దలు ఒక్కటి గమనించాలి. ఆ చెత్త చూడదలచిన వాడికి జేబులో మొబైలు డేటా వున్నది. అది టవరు అందిన చెట్టు కింద, చెరువు గట్టున, ఎక్కడైనా వస్తుంది. కాపలా అంటూ నెట్‌ను పడసాలలో కట్టివేస్తే ఆగిపోయేది పాఠం వినే పిల్ల చదువు మాత్రమే. క్రికెట్ చూసే కుర్రవాడికి ఏ అడ్డూ లేదు, వాడు పెట్టె కిందనే కూర్చున్నాడు. పైగా రాత్రి తొమ్మిది గంటలకు ఆడపిల్లను వీధి అరుగు మీద కూర్చోబెట్టడం ఏ రకమైన కాపలా? కాపలా కావలసిన వారికి పెట్టెలోనే ఏర్పాట్లు వున్నాయి. ఫలానా ఫోనుకు రాత్రి పది దాటితే నెట్ ఆగిపోవాలి అని చాలా రూటర్లలో సమయం పెట్టవచ్చు. దానికి పెట్టె లోపలి తాళం, అంటే రూటరు పాస్‌వర్డు, ఇంటివారి దగ్గర వుండాలి. అది చాలా ఇళ్లలో లేదు. వైఫై పాస్‌వర్డు వేరు, ఇది వేరు. ఇది ఆపరేటరు మనిషికి తెలుసు, లేదా పెట్టె ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి మాటే వుంటుంది. ఇంటి బీరువా తాళం కొట్టువాడి దగ్గరే వదిలి వచ్చినట్టు వున్నది ఈ వ్యవహారం.

పక్కింటి పిల్లకు పాస్‌వర్డు చెప్పడం ఊరి మర్యాద. చెప్పవద్దనడం ఎవరి తరమూ కాదు. అతిథుల కోసం వేరే పేరు పెట్టే వీలు రూటర్లలో వున్నది. అది తెరచి ఇస్తే మర్యాదా నిలుస్తుంది, ఇంటి సొంత పాస్‌వర్డు వీధిన పడదు.

ఆపరేటర్లు చేయవలసినది

కేబులు ఆపరేటర్లలో చాలామంది ఊరివాళ్లే. వారి కష్టాలు వారికి వున్నాయి. స్తంభాలు మారుస్తూ కరెంటు వాళ్లు తీగలు తెంచుతారు, కోతులు వేలాడతాయి, బిల్లులు వసూలు కావు. అయినప్పటికీ కొత్త కనెక్షను ఇచ్చేటప్పుడు పెట్టెను ఎక్కడ పెట్టాలో ఇంటివారిని, అందులోనూ ఇంటి ఆడవారిని, అడగడానికి ఖర్చు లేదు. తగిలించిన తరువాత ప్రతి గదిలో తలుపు వేసి వేగం చూపించి అప్పుడు సంతకం తీసుకోవాలి. రాని గది వుంటే "ఈ గదికి తీగ, రెండవ పెట్టె కావాలి, ఇంత అవుతుంది" అని ముందే చెప్పాలి. అలా చెప్పే ఆపరేటరు నాలుగు డబ్బులు న్యాయంగా సంపాదించుకోవచ్చు కూడా. పెద్ద ప్లాను అంటగట్టి, నెల తిరగకముందే తిట్లు తినడం కంటె అది నయం.

బడులలో పరిస్థితి ఇళ్లకంటె మెరుగుగా లేదు. చాలా చోట్ల నెట్ పెట్టె ప్రధానోపాధ్యాయుని గదిలో వుంటుంది, హాజరు పంపడానికి పనికి వస్తుంది. తెర పెట్టిన తరగతి గది ఆవరణకు అవతల కొసన వుంటుంది. అక్కడ పాఠం కావాలంటే మాస్టరు తన సొంత ఫోను డేటా ఖర్చు పెట్టుకుంటాడు. ఒక తీగ, ఒక యాక్సెస్ పాయింటు. దీనికి పై అధికారుల మంజూరు కోసం ఏళ్లు ఎదురుచూడడం కంటె పూర్వ విద్యార్థులు తలుచుకుంటే ఒక ఆదివారం పని. తరగతి గదులు వేరే భవనంలో వుంటే మాత్రం పైన చెప్పిన పిడుగు సంగతి, ఫైబరు సంగతి మరువకూడదు.

ఇక కొత్తగా ఇళ్లు కట్టుకుంటున్నవారు. ఫ్యానుకు, లైటుకు, ఏసీకి, మోటారుకు ఎక్కడెక్కడ పైపు వేయాలో మేస్త్రీకి, ఎలక్ట్రీషియనుకు కంఠతా వచ్చు. నెట్ తీగకు ఒక పైపు వేయమని చెప్పినవారు నూటికి ఒకరు వుంటారేమో. నడిమింటి నుంచి ప్రతి పడక గదికి, మేడ మీదికి ఒక్కొక్క ముప్పావు అంగుళం ఖాళీ పైపు, కరెంటు పైపులకు జానెడు ఎడంగా, లాగడానికి లోపల ఒక నైలాను తాడు. స్లాబు పోసిన తరువాత ఇదే పనికి గోడలు చెక్కాలి, మళ్లీ పూత పూయాలి. ఉగాది తరువాత పనులు మొదలు పెట్టేవారు ఇనుము కట్టే రోజునే మేస్త్రీ దగ్గర నిలబడి ఈ పైపులు వేయించుకోవాలి.